బూడిదలోనూ స్తోత్రం చెల్లించిన విలియం కేరీ

పెన్షన్ అన్న మాటకు ఎంత బరువుందో మన సంఘ సభ్యులకు ఒకరు చెప్పనవసరం లేదు. ఒకటో తారీఖు వచ్చిందంటే పాసుపుస్తకం చేత పట్టుకుని బ్యాంకుకు బయలుదేరే వాళ్ళం మనం. నవంబరు నెలలో బ్రతికే ఉన్నామని ధ్రువపత్రం ఇచ్చుకుని, కరువు భత్యం బకాయిల కోసం ఎదురు చూసే వాళ్ళం. అందుచేత ఈ మహనీయుని జీవితాన్ని ఆయన పుట్టుకతో కాక ఆయన పెన్షన్‌తో మొదలుపెడుతున్నాను. పాఠక మిత్రులు మన్నించాలి.

1830 ప్రాంతంలో కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకోవడానికి పూనుకుంది. అప్పటి గవర్నర్ జనరల్ విలియం బెంటింక్. ఆ పొదుపులో భాగంగా ఫోర్ట్ విలియం కళాశాలలో ఆచార్య పదవులు రద్దయ్యాయి. కంపెనీ కొలువులో చేరడానికి వచ్చిన తెల్ల కుర్రవాళ్ళకు అక్కడ 1801 నుండి బెంగాలీ, సంస్కృతం, మరాఠీ నేర్పుతూ వచ్చిన ఒక వృద్ధుడికి నెలకు 1000 రూపాయల జీతం పోయి, 500 రూపాయల పెన్షన్ మిగిలింది. దానితోపాటు ఆయన చేస్తున్న ప్రభుత్వ అనువాదకుని ఉద్యోగం కూడా పోయింది. అప్పటికి ఆయన వయస్సు 70కి దగ్గర పడింది. అదే రోజుల్లో కలకత్తాలోని పెద్ద పెద్ద వ్యాపార సంస్థలు ఒకదాని తరువాత ఒకటి దివాలా తీశాయి. వాటిలో దాచిన మిషను డబ్బు, బడుల డబ్బు కూడా వాటితోపాటు మునిగిపోయింది. దాచుకున్న సొమ్ము రాత్రికి రాత్రి మాయం కావడమంటే ఏమిటో మనలో కొందరికి బాగా తెలుసు. నాకూ కొంత తెలుసు. ఆ సంగతి ఇక్కడ వద్దు.

ఆ వృద్ధుడే విలియం కేరీ. ఆధునిక మిషనెరీ ఉద్యమానికి పితామహుడని క్రైస్తవ లోకం ఆయనను గౌరవిస్తుంది. మన ప్రాంతాల్లో పాస్టరుగా చదువుకున్న వారిలో అనేకులు సెరంపూర్ పట్టా పుచ్చుకున్నవారే. ఆ సెరంపూర్ కళాశాలను 1818లో స్థాపించిన ముగ్గురిలో ఆయన ఒకరు. అయితే ఆయన ఘనకార్యాల పట్టిక ఇవ్వడం నా ఉద్దేశం కాదు. దెబ్బ మీద దెబ్బ తగిలిన జీవితంలో ఆ మనిషి కృతజ్ఞతను ఎలా నిలుపుకున్నాడు, ఎక్కడ నిలుపుకోలేక తడబడ్డాడు అన్నదే నేను చెప్పదలచింది.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ మగ్గం నేసేవాడు. తరువాత ఆ ఊరి బడిపంతులయ్యాడు. కేరీకి చిన్నప్పుడు ఎండ పడితే చర్మం చెడేది. అందువల్ల పొలం పనికి పనికిరాడని చెప్పులు కుట్టే పనికి పెట్టారు. ఆ విధంగా ఎండ పడని పిల్లవాడు తరువాత బెంగాలు ఎండలో 40 సంవత్సరాలు, ఒక్కసారి కూడా స్వదేశానికి తిరిగి వెళ్ళకుండా బ్రతికాడు. చెప్పులు కుడుతూనే లాటిను, గ్రీకు, హెబ్రీ, ఫ్రెంచి, డచ్చి భాషలు నేర్చుకున్నారు. బడి నడిపారు, సంఘ కాపరిగా ఉన్నారు, అయినా కూడు చాలక మళ్ళీ చెప్పులు కుట్టారు. కెప్టెన్ కుక్ సముద్రయానాల పుస్తకం చదివి, గోడకు ప్రపంచ పటం తగిలించి, ఏ దేశంలో ఎంతమంది జనం, ఏ మతం అని దానిమీద రాసుకునేవారు. 1792లో ఆ ఆలోచనలన్నీ ఒక చిన్న పుస్తకంగా వెలువరించారు. అదే ఏడు అక్టోబరు 2న కెట్టరింగ్ అనే ఊళ్ళో కొద్దిమంది బాప్టిస్టు బోధకులు ఒక చిన్న గదిలో కూడి మిషనెరీ సొసైటీ స్థాపించారు. ఆనాడు వాళ్ళు వేసుకున్న చందా మొత్తం 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. ఇంత సొమ్ముతో ప్రపంచానికి సువార్త చెప్పబోతున్నారని నవ్విన వాళ్ళు లేకపోలేదు.

ఇక్కడ ఆయన భార్య డొరోతీ గురించి చెప్పాలి. చెప్పకుండా కేరీ కృతజ్ఞత గురించి మాట్లాడడం న్యాయం కాదని నా అభిప్రాయం.

1781లో పెళ్ళినాడు డొరోతీ రిజిస్టరులో సంతకం చేయలేక గుర్తు పెట్టింది. తమ పల్లె, తమ వాళ్ళు తప్ప ఆమెకు వేరే లోకం తెలియదు. ఇద్దరు ఆడపిల్లల్ని పసితనంలోనే మట్టికి అప్పగించింది. భర్త హిందూదేశం వెళతానంటే రానన్నది. ఆమె అప్పుడు నిండు గర్భిణి. కేరీ పెద్ద కొడుకు ఫీలిక్స్‌ను మాత్రం వెంటబెట్టుకుని ఓడ ఎక్కారు. అనుమతి పత్రం లేదని ఆ ఓడ వాళ్ళను దించివేసింది. ఈ జాప్యంలో మళ్ళీ ఇంటికి వచ్చి బ్రతిమాలగా, చెల్లెలు కిట్టీ తోడు వస్తేనే వస్తానని, చంకన నెల నిండని బిడ్డతో ఆమె బయలుదేరింది. సామాను సర్దుకోవడానికి ఒక రోజైనా సరిగా లేదు. 1793 జూన్ 13న డేన్ల ఓడలో బయలుదేరి నవంబరు 11న కలకత్తా చేరారు.

చేరగానే కష్టాలు ఎదురుపడ్డాయి. వెంట వచ్చిన డాక్టర్ జాన్ థామస్ మంచి మనసున్నవాడే గాని డబ్బు విషయంలో ఏమాత్రం లెక్క తెలియనివాడు. ఏడాదికని తెచ్చిన సొమ్ము కొద్ది వారాల్లోనే హారతి కర్పూరమయింది. భార్య, మరదలు, నలుగురు పిల్లలు, తెలియని ఊరు, రాని భాష. డొరోతీకి, పెద్దపిల్లవాడికి రక్త విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు ఆదుకున్నది ఎవరో తెలుసా? తెల్లదొరలు కారు. నీలూ దత్తా అనే బెంగాలీ వడ్డీ వ్యాపారి. మాణిక్‌తలాలో తనకున్న తోట ఇంటిని అద్దె లేకుండా వీళ్ళకు ఇచ్చాడు. సుమారు ఇరవై సంవత్సరాల తరువాత ఆ దత్తా ఆస్తి అంతా పోయి చితికిపోయినప్పుడు, కేరీ ఆయనకు ఒక కొలువు చూపించి ఋణం తీర్చుకున్నారు. ప్రార్థనలో దేవునికి చెప్పే కృతజ్ఞత వేరు, ఇరవై ఏళ్ళ క్రితం నీడ ఇచ్చిన మనిషిని గుర్తు పెట్టుకోవడం వేరు అనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. కేరీకి ఆ రెండూ ఒకటే.

అక్కడి నుంచి సుందరవనాల అంచున ఉన్న దేభట్టాకు పడవలో వెళ్ళారు. పులులు తిరిగే చోటు. ఉప్పు శాఖలో పనిచేసే చార్లెస్ షార్ట్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ముక్కూ మొహం తెలియని ఈ కుటుంబాన్నంతటినీ ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టాడు. తరువాత మరదలు కిట్టీని ఆయనే పెళ్ళి చేసుకున్నాడు. కొద్ది నెలలకే, 1794లో, జార్జి ఉడ్నీ అనే కంపెనీ అధికారి ఉత్తర బెంగాలులో మదనబాటి అనే పల్లెలో నీలిమందు కర్మాగారానికి కేరీని మేనేజరుగా వేశాడు. జీతం నెలకు 200 రూపాయలు. జీతం చేతికి రాగానే కేరీ చేసిన మొదటి పని, ఇకమీదట తనకు డబ్బు పంపవద్దని, ఆ సొమ్ము మరొక మిషనుకు వాడుకోమని ఇంగ్లాండులోని సొసైటీకి రాయడం. వాళ్ళేమో వ్యాపారంలో పడి పని మరచిపోకు సుమా అని హెచ్చరిక పంపారు. ఇంత త్యాగానికి ఇటువంటి జవాబు వస్తే మనమయితే ఎన్ని ఉత్తరాలు రాసేవాళ్ళమో!

ఆ ఏడే, అంటే 1794లో, వానాకాలం జ్వరాల్లో కేరీ చావు అంచుదాకా వెళ్ళి వచ్చారు. ఆయన మంచం మీద ఉండగానే అయిదేళ్ళ కొడుకు పీటర్ రక్త విరేచనాలతో చనిపోయాడు. శవాన్ని ముట్టుకోవడానికి, పెట్టె చేయడానికి, గుంట త్రవ్వడానికి కులభయంతో ఎవరూ ముందుకు రాలేదు. ఎంతో బ్రతిమాలిన మీదట నలుగురు ముస్లిములు గుంట త్రవ్వారు. లేవలేని ఆ తండ్రి, మతి చెదురుతున్న ఆ తల్లి పిల్లవాడిని అలా సాగనంపారు.

డొరోతీ ఆ తరువాత కోలుకోలేదు. భర్త మీద లేనిపోని అనుమానాలు పెంచుకుంది. వీధిలో వెంటపడి తిట్టేది. కొన్నిసార్లు ప్రాణం మీదికే వచ్చేది. చివరకు ఆమెను గదిలో ఉంచి తలుపు వేయవలసి వచ్చింది. పక్క గదిలో ఆమె కేకలు వినిపిస్తుండగా కేరీ బల్ల ముందు కూర్చుని బైబిలు తర్జుమా చేసుకునేవారని చరిత్రకారులు రాశారు. ఆమెను పిచ్చాసుపత్రిలో వేయడానికి ఆయనకు మనసొప్పలేదు. 1807 డిసెంబరు 8న ఆమె జ్వరంతో కన్నుమూసే వరకు, సుమారు 12 సంవత్సరాలు ఇంట్లోనే ఉంచుకున్నారు.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? కొందరు ప్రసంగీకులు ఈ ఘట్టాన్ని కేరీ ఓర్పుకు నిదర్శనంగా చెప్పి ముందుకు సాగిపోతారు. నాకు అలా సాగిపోవడానికి కాళ్ళు ఆడవు. ఓర్చుకున్నది ఆయనే గాని, మూల్యం చెల్లించింది ఆమె కూడా. ఆయన తాను కోరుకున్న పనిలో దేవునికి స్తోత్రం చెప్పగలిగారు. ఆమె కోరుకోని దేశంలో, అడగని కష్టంలో పడింది. స్తోత్రం చెప్పడానికి కావలసిన మతి కూడా ఆమెకు మిగల్లేదు. కేరీ గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ఆయన కూడా తన దినచర్యలోనూ, ఉత్తరాల్లోనూ ఆ రోజుల గురించి రాసినప్పుడు విజయగీతాలు పాడలేదు. ఒంటరితనం, తన ఆత్మ ఎండిపోయిన తీరు, ప్రార్థించలేని రోజులు, అన్నీ దాచకుండా రాసుకున్నారు. ఇంగ్లాండు నుంచి ఏడాదికి పైగా ఒక్క ఉత్తరం రాని రోజులవి. ఆ పేజీల్లో కృతజ్ఞత కనపడే చోట్లు చాలా చిన్నవి. ఒక ఉదయం మనసు తేలికపడడం, భాష కొంచెం పట్టుబడడం, దేవుడు ఉన్నాడన్న తలంపు. అంతే. అందుకే ఆయన కృతజ్ఞతను నేను నమ్ముతాను.

1800 జనవరిలో ఆయన కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున డేన్ల ఏలుబడిలో ఉన్న సెరంపూర్ చేరారు. కంపెనీ ప్రభుత్వానికి అప్పట్లో మిషనెరీలంటే గిట్టదు. డేన్ల గవర్నరు ఆశ్రయం ఇచ్చాడు. బడిపంతులు జాషువా మార్ష్‌మన్, అచ్చుపని తెలిసిన విలియం వార్డ్ ఆయనకు తోడయ్యారు. ముగ్గురూ ఒకే ఉమ్మడి కుటుంబంగా బ్రతికారు. ఎవరి సంపాదన అయినా ఉమ్మడి పెట్టెలోకే. ఆ ఏడు డిసెంబరు 28న కృష్ణపాల్ అనే వడ్రంగి బాప్తిస్మం పొందాడు. కేరీ ఈ దేశంలో అడుగుపెట్టిన ఏడేళ్ళకు ఆయన చూసిన మొదటి ఫలం అది. ఆ రోజే కొడుకు ఫీలిక్స్‌కు కూడా గంగలో బాప్తిస్మమిచ్చారు. ఆనందం పట్టలేక జాన్ థామస్‌కు మతి తప్పింది. ఒక గదిలో ఆయన అరుపులు, ఇంకొక గదిలో డొరోతీ అరుపులు, మధ్యన ఒడ్డున పాటలు. ఆ విధంగా వచ్చింది ఆ కుటుంబానికి సంతోషదినం.

1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. అదే ఏడు ఫోర్ట్ విలియం కళాశాల కొలువు దొరికింది. మొదట 500, తరువాత 1000 రూపాయల జీతం. అందులో తన ఖర్చుకు కొద్దిగా ఉంచుకుని మిగిలినదంతా మిషనుకే ఇచ్చేవారు. పంచానన కర్మకార్ అనే నేర్పరి, ఆయన తరువాత ఆయన అల్లుడు మనోహర్, దేశభాషల అక్షరాలు చెక్కి పోత పోశారు. అనేక భాషల పండితులు సెరంపూర్ చేరారు. మన తెలుగు కూడా వాటిలో ఒకటి. విశాఖపట్నంలో డెగ్రాంజస్ అనే మిషనెరీ తెలుగులో తర్జుమా చేసిన సువార్తలు 1812లో సెరంపూర్‌లోనే అచ్చయ్యాయి. తెలుగుదేశంలో ఎన్నడూ కాపురముండని కేరీ పండితుల దగ్గర తెలుగు నేర్చుకుని, ఒక తెలుగు వ్యాకరణం రాసి అచ్చుకు సిద్ధం చేశారు.

అప్పుడు వచ్చింది 1812 మార్చి 11.

బుధవారం, ప్రొద్దు గూకే వేళ. పనివాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. వార్డ్ తన గదిలో లెక్కలు చూసుకుంటున్నాడు. అచ్చు కార్యాలయం 200 అడుగుల పొడవున్న పెద్ద భవనం. దాని ఒక కొసన ఇంగ్లాండు నుంచి వచ్చిన కాగితం రీములు దొంతర్లుగా ఉన్నాయి. ఆ కొస నుంచే పొగ లేచింది. నిప్పు ఎలా అంటుకుందో తేలలేదు. వార్డ్ పొగలోకి దూరి ఊపిరాడక పడిపోబోయాడు. గాలి తగలకపోతే మంట తనంతట ఆరిపోతుందని తలుపులు, కిటికీలు మూయించి, పైకప్పుకు కన్నం చేసి నీళ్ళు పోయించాడు. చాలాసేపు మంట అదుపులో ఉంది. ఇంతలో ఎవరో సాయం చేద్దామన్న ఆత్రంలో కిటికీ తెరిచారు. ఒక్కసారిగా భవనమంతా అంటుకుంది. అర్ధరాత్రికి కప్పు కూలింది. పక్క గదిలో ఉన్న ముద్రణ యంత్రాలను మాత్రం బయటికి లాగగలిగారు. ఒక్క ప్రాణానికీ ముప్పు రాలేదు.

కేరీ ఆ రాత్రి కలకత్తాలో ఉన్నారు. మరునాడు ఉదయం మార్ష్‌మన్ వెళ్ళి కబురు చెప్పాడు. కేరీ చాలాసేపు నోట మాట లేక నిలబడిపోయారట. సాయంత్రానికి సెరంపూర్ వచ్చి, ఇంకా పొగలు కక్కుతున్న శిథిలాల్లో తిరిగారు. వెంట వచ్చిన థామసన్ అనే చాప్లినుకు చూపిస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

పోయినవేమిటో వింటే మనకూ గుండె చెరువవుతుంది. 14 భాషల అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. వెయ్యికి పైగా రీముల కాగితం బూడిదయింది. ఇవి డబ్బుతో మళ్ళీ వచ్చేవి. రాతప్రతులు అలా కాదు. కన్నడ కొత్త నిబంధన మొత్తం, సంస్కృత తర్జుమాలో రెండు పెద్ద గ్రంథాలు, బెంగాలీ నిఘంటువులో ఎన్నో పుటలు పోయాయి. కేరీ, మార్ష్‌మన్ కలిసి చేస్తున్న వాల్మీకి రామాయణం ఇంగ్లీషు తర్జుమాలో ఒక ఏడాది శ్రమ పోయింది. పంజాబీ వ్యాకరణంలో చాలా భాగం పోయింది. మన తెలుగు వ్యాకరణం ఒక్క కాగితం మిగలకుండా పోయింది. అన్నిటినీ మించి, సంస్కృతానికీ దాని సంబంధమున్న దేశభాషలకూ కలిపి ఆయన ఏళ్ళ తరబడి కూర్చిన మహా నిఘంటువు మొత్తం కాలిపోయింది. దాన్ని ఆయన మళ్ళీ ఎన్నటికీ రాయలేకపోయారు. ఆయన వయస్సు అప్పుడు 50. జిరాక్సు ప్రతి అనేది లేని కాలమని మరువరాదు.

ఆ ఆదివారం ఆరాధనలో కేరీ 46వ కీర్తనలోని మాట మీద ప్రసంగించారు. ఊరకుండి దేవుడే దేవుడని తెలుసుకోవడం గురించిన మాట అది. మనల్నీ మన పనినీ తన ఇష్టప్రకారం చేసుకునే హక్కు దేవునికుందని, దానికి మనసారా ఒప్పుకోవడం మన విధి అని ఆయన చెప్పారు. ఇక్కడ ఒక సూక్ష్మముంది. కాలిపోయినందుకు స్తోత్రమని ఆయన అనలేదు. నష్టాన్ని నష్టమనే అన్నారు, ఏడ్చారు. ఆ నష్టంలో మిగిలిన వాటిని మాత్రం ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని స్తోత్రం చెప్పారు. ప్రాణాలు దక్కాయి. యంత్రాలు దక్కాయి. బూడిద వెదికితే అక్షరాలు పోత పోసే ఉక్కు పంచ్‌లు, మాతృకలు వేలకొద్దీ చెడకుండా దొరికాయి. అవి కొత్తగా చేయాలంటే సంవత్సరాలు పట్టేది. కరిగిన సీసం ముద్దలే కొత్త అక్షరాలకు ముడిసరుకయ్యాయి. కాలిన భవనం కన్నా పెద్దదైన గిడ్డంగి ఒకటి, కొద్ది రోజుల ముందే అద్దెదారులు ఖాళీ చేసి వెళ్ళడంతో, సిద్ధంగా ఉంది. పోతపని వాళ్ళు వంతులవారీగా రాత్రింబగళ్ళు పనిచేశారు. కొన్ని వారాల్లోనే యంత్రాలు మళ్ళీ తిరిగాయి.

కేరీ పండితులను పిలిచి తర్జుమాలు మళ్ళీ మొదటి నుంచి పట్టారు. ఒకసారి నడిచిన బాటలో రెండోసారి నడక సుళువని, రెండోసారి రాసింది మొదటిదానికన్నా బాగుండవచ్చని ఆయన స్నేహితులకు రాశారు. ఇది ఊరటకు చెప్పుకున్న మాట కాదని చెప్పడానికి మన భాషే సాక్ష్యం. 1812లో బూడిదైన తెలుగు వ్యాకరణం 1814లో సెరంపూర్‌లో అచ్చయింది. ఇంగ్లీషులో వెలువడిన తొలి తెలుగు వ్యాకరణాల్లో అదొకటి. కాంబెల్ వ్యాకరణం మద్రాసులో 1816లోనూ, మనమంతా చెప్పుకునే బ్రౌన్ దొర వ్యాకరణం 1840లోనూ వచ్చాయి. 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా సెరంపూర్‌లో అచ్చయింది. ఆ గ్రంథాల్లో తప్పులు లేవని కాదు. తరువాతి వాళ్ళు ఎన్నో దిద్దుకున్నారు. కాలిన చేతులతో మళ్ళీ కలం పట్టడం మటుకు తేలిక కాదు.

అగ్నిప్రమాదం వార్త ఆ సెప్టెంబరులో ఇంగ్లాండు చేరింది. రెండు నెలల్లోపే నష్టం మొత్తానికి సరిపడా సుమారు 10,000 పౌన్లు పోగయ్యాయి. ఇక చాలు, పంపవద్దని సొసైటీ కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ ప్రకటించవలసి వచ్చింది. అంతవరకు కేరీ పేరు వినని వాళ్ళు కూడా ఆయన చిత్రపటం కావాలని అడిగారట. పొగడ్తలు కూడా ఒక రకమైన నిప్పేనని ఫుల్లరే ఆయనను హెచ్చరించాడు.

దెబ్బలు అంతటితో ఆగలేదు. 1814లో ఫీలిక్స్ బర్మాలో ఉండగా పడవ మునిగి భార్య, ఇద్దరు బిడ్డలు ఐరావతి నదిలో పోయారు. 1821లో కేరీ రెండవ భార్య షార్లెట్ మరణించింది. 13 ఏళ్ళ ఆ కాపురం ఆయనకు జీవితంలో దొరికిన విశ్రాంతి. మరుసటేడు ఫీలిక్స్, ఆ మరుసటేడు వార్డ్ పోయారు. ఇంగ్లాండు నుంచి వచ్చిన కుర్ర మిషనెరీలు సెరంపూర్ ముసలివాళ్ళు డబ్బు వెనకేసుకుంటున్నారని నిందలు వేశారు. ఉమ్మడి పెట్టెలో అన్నీ పోసి, తమకంటూ ఏమీ మిగుల్చుకోని వాళ్ళ మీద ఆ నింద! చివరకు 1827లో తాను పుట్టించిన సొసైటీతోనే సెరంపూర్ తెగతెంపులు చేసుకోవలసి వచ్చింది. మంటకన్నా ఇదే ఆయనను ఎక్కువ కాల్చిందని నాకనిపిస్తుంది. ఈ విషయంలో కేరీ ఉత్తరాల్లో బాధ ఉంది, కోపం కూడా ఉంది. అది కూడా చెప్పాలి.

ఇక ఆయన తోట సంగతి. ఇది రాయడం నాకు ఇష్టమైన భాగం. ఆయన సెరంపూర్‌లో 5 ఎకరాల్లో మొక్కలు పెంచారు. మన సామర్లకోటలో పనిచేసి తరువాత కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయిన విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు ప్రాణమిత్రుడు. రాక్స్‌బర్గ్ పోయాక ఆయన గ్రంథాన్ని కేరీయే పరిష్కరించి అచ్చు వేయించారు. మన అడవుల్లో కుంభి అనే చెట్టుకు శాస్త్రజ్ఞుల పేరు కేరియా అర్బోరియా. ఆ పేరు కేరీ గౌరవార్థం రాక్స్‌బర్గ్ పెట్టిందే. 1820లో కేరీ వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించారు.

ఒకసారి ఇంగ్లాండు నుంచి విత్తనాల సంచి వచ్చింది. విత్తనాలు తీసుకున్నాక, అడుగున మిగిలిన మట్టిని పారవేయకుండా నీడ ఉన్న చోట దులిపారు. కొద్ది రోజులకు అక్కడ ఒక చిన్న మొక్క లేచింది. చూస్తే డైసీ. వాళ్ళ ఊళ్ళో గడ్డిలో కాలికింద పడే పువ్వు. సుమారు ముప్ఫై ఏళ్ళుగా చూడని ఆ పువ్వును చూసి ఆయన చిన్నపిల్లవాడిలా మురిసిపోయి, పంపిన వారికి ధన్యవాదాలు రాశారు. ఆ మొక్కను ఏటేటా గింజ కట్టించి కాపాడుకున్నారు. ఆయన అందుకున్న పట్టాలు, బిరుదులు ఎన్నో ఉన్నాయి. వాటికి ఇంత సంతోషించినట్టు ఎక్కడా కనపడదు.

1823 అక్టోబరులో ఒక రాత్రి పడవ దిగుతూ ఆయన జారిపడి తుంటికి దెబ్బ తగిలించుకున్నారు. జ్వరం వచ్చింది. వైద్యులు ఆశ వదులుకున్నారు. సరిగ్గా అప్పుడే దామోదర్ నది గట్టు తెగి సెరంపూర్‌ను ముంచింది. ఎన్నో ఏళ్ళుగా పెంచిన తోట నీట మునిగింది. ఆయన బ్రతికి బట్టకట్టి, చాలాకాలం చంకకర్రల మీద నడిచి, పోయిన మొక్కల కోసం మళ్ళీ ఉత్తరాలు రాసి తెప్పించి నాటించారు. అగ్ని ఒకసారి, నీరు ఒకసారి పనిని మింగాయి. రెండుసార్లూ ఆయన చేసింది ఒకటే.

ఇక మొదట చెప్పిన పెన్షన్ దగ్గరికి వద్దాం. జీతం సగమైనప్పుడు ఆయనకు తన తిండి గురించి దిగులు లేదు. దూర ప్రాంతాల్లో తన జీతం మీద ఆధారపడి పనిచేస్తున్న మిషను స్టేషన్ల గురించే ఆయన దిగులంతా. ఆ స్టేషన్ల నుంచి వచ్చిన ఉత్తరాలు చదువుతూ, జవాబులు చెప్పి రాయిస్తూ, ప్రార్థన చేస్తూ కేరీ, మార్ష్‌మన్, ఇద్దరు వృద్ధులూ కన్నీరు పెట్టుకున్నారని దగ్గర ఉన్నవాళ్ళు రాశారు. 1831 ఆగస్టు 17న, 70 ఏళ్ళు నిండిన రోజున, ఆయన కొడుకు జాబెజ్‌కు ఉత్తరం రాశారు. తాను దేవుని దయకు ఒక గుర్తుగా నిలిచి ఉన్నానని అందులో చెప్పుకున్నారు. వెంటనే, వెనక్కి తిరిగి చూస్తే తాను సిగ్గుపడవలసింది చాలా ఉందని, చేయవలసిన పనిలో వెనకబడ్డానని కూడా రాశారు. ఆ మాట రాస్తున్నప్పుడు డొరోతీ మనసులో మెదిలిందేమో. అలా అనుకోవడం నాకు ఇష్టం.

చివరి రోజుల్లో నడవలేక చక్రాల కుర్చీలో తోటలోకి తీసుకువెళ్ళేవారు. అది కూడా వీలుకానప్పుడు తోటమాలిని మంచం దగ్గరికి పిలిపించి ఏ మొక్క ఎలా ఉందో అడిగేవారు. తాను పోయాక మార్ష్‌మన్ తోటలోకి ఆవులను తోలుతాడని బెంగ పెట్టుకుంటే, తన మిత్రునికి ప్రీతిపాత్రమైన ఆ తోటను కంటికి రెప్పలా చూస్తానని మార్ష్‌మన్ మాట ఇచ్చాడు.

1834 జూన్ 9న తెల్లవారుజామున ఆయన కన్నుమూశారు. వీలునామాలో తన సమాధిని షార్లెట్ సమాధి ప్రక్కనే కట్టాలని, దానిమీద పేరు, తేదీలు, తన నిస్సహాయతను దేవుని చేతుల్లో పెట్టే రెండు పాదాల పాట తప్ప మరేమీ చెక్కవద్దని రాశారు. శంఖాలు, పురుగులు, ఖనిజాలు ఉన్న తన సేకరణను కళాశాలకు ఇచ్చారు. ముప్ఫై ఏళ్ళు పెద్ద జీతం తీసుకున్న మనిషి, కొడుకు జాబెజ్‌కు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేక, తన పుస్తకాలు అమ్మి వచ్చిన దానిలోంచి 1500 రూపాయలు ఇవ్వవలసిందిగా ఆ వీలునామాలోనే రాశారు.